బొగ్గుపొరలో బావి: ఒక విన్నపం

ధన్‌బాద్‌లోని గనుల భద్రతా డైరెక్టర్ జనరల్ గారికి,

అయ్యా, కురిచేడు నుంచి రాస్తున్నాను. మాది మార్కాపురం పలకల సీమ. మా నేల కింద బొగ్గు లేదు. కానీ నీళ్ల కోసం బోర్లు వేసీ వేసీ, గోడ కూలి బోరు పూడిపోతే ఎలా ఉంటుందో ఎరిగినవాళ్లం.

గోదావరి జిల్లాల్లో మండపేట దగ్గర గ్యాస్ బావి బాగా లోతుకు పోతే కొమ్ముగూడెం ఫార్మేషన్ తగులుతుంది. 25 కోట్ల ఏళ్లు పైబడిన బొగ్గు, షేల్ పొరలవి. బొగ్గు పెళుసు, నిండా సన్నని పగుళ్లు. డ్రిల్లింగ్ మడ్ (తవ్వేటప్పుడు బావిలో తిప్పే బురద ద్రవం) బరువు చాలకపోతే గోడ విరిగి పైపును పట్టేస్తుంది, బొగ్గులో దాగిన మీథేన్ బావిలోకి చొరబడుతుంది. బరువు మించితే పగుళ్లు విచ్చుకుని మడ్ పొరలోకి ఇంకిపోతుంది. బావిలో మట్టం పడిపోయి మళ్లీ గ్యాసే తన్నుకొస్తుంది. అందుకే బొగ్గు తగలగానే వేగం తగ్గించాలి. తెగిన రాతి ముక్కలన్నీ పైకి వచ్చేదాకా మడ్ తిప్పాలి. పైపును విసురుగా లాగకూడదు. లాగితే అడుగున ఒత్తిడి తగ్గి గ్యాస్ వెంట వస్తుంది. రోజుకు ఎన్ని మీటర్లని తొందరపెట్టే చోట ఈ ఓపిక నిలవదు.

అదే గోదావరి సీమలో 1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాస్ బావి అదుపు తప్పి రెండు నెలలకు పైగా మండింది. అక్కడ కారణం బొగ్గని నేననను. బావి చెయ్యి దాటితే ఊరి గతేమిటో ఆ మంటే చూపింది.

బొగ్గుపొర దాటే ప్రతి బావికీ విడిగా రాతపూర్వక పద్ధతి ఉండాలని ఆదేశించండి. దాని సారాంశాన్ని తెలుగులో, బావి తవ్వే ఊరి పంచాయతీ గోడకు అంటించే ఏర్పాటు చేయండి.

ఇట్లు,
కురిచేడు వాసి