తొలగింపునకే కాదు, నియామకమునకును కట్టడి వలెను

కరోనా వ్యాధి భయమున 2020 మార్చి 15వ తేదీన స్థానిక సంస్థల ఎన్నికలను వాయిదా వేసిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఎన్నికల కమిషనరు, నెల తిరుగక మునుపే పదవిని కోల్పోయెను. ఆయనను తొలగించుచున్నామని ప్రభుత్వము చెప్పలేదు. ఏప్రిల్ 10వ తేదీన ఆర్డినెన్సు వెలువరించి, పదవీకాలమును అయిదేండ్ల నుండి మూడేండ్లకు కుదించి, అర్హతలను మార్చి, ఆ వెంటనే ఒక విశ్రాంత న్యాయమూర్తిని ఆ స్థానమున నియమించెను. హైకోర్టు న్యాయమూర్తిని తొలగించు పద్ధతిన తప్ప కమిషనరును తొలగింపరాదనియు, నియామకానంతరము ఆయనకు నష్టము కలుగునట్లు సేవానిబంధనలను మార్చరాదనియు రాజ్యాంగము 243-కె అధికరణమున విస్పష్టముగా శాసించుచుండగా, ముందు వాకిట చేయరాని పనిని దొడ్డిదారిన చేయబూనుట రాజ్యాంగమును వంచించుటయే. మే 29వ తేదీన హైకోర్టు ఆ ఆర్డినెన్సును కొట్టివేసి న్యాయము నిలిపెను.

అయితే తొలగింపునకు ఇంత కట్టుదిట్టము చేసిన రాజ్యాంగము, నియామకమును మాత్రము గవర్నరు చేయునని చెప్పి ఊరకున్నది. ఆచరణమున అది మంత్రివర్గపు ఇచ్ఛయే అగుచున్నది. గోవాలో ప్రభుత్వపు న్యాయశాఖ కార్యదర్శికే రాష్ట్ర ఎన్నికల కమిషనరు బాధ్యతను అదనముగా అప్పగించిరి. కొలువులో నున్న ఉద్యోగి ఈ పదవికి తగడని 2021 మార్చి 12వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పవలసివచ్చెను.

కేంద్రమునను ఇదే లోపము. 1949 జూన్‌లో రాజ్యాంగ సభయందు శిబ్బన్‌లాల్ సక్సేనా, ప్రధాన ఎన్నికల కమిషనరు నియామకమునకు పార్లమెంటులో మూడింట రెండువంతుల ఆమోదము ఉండవలెనని వాదింపగా, అయోగ్యుడుగాని పాలకులకు లోబడినవాడుగాని ఆ పీఠమెక్కకుండ నిలుపు ఏర్పాటు ముసాయిదాలో లేదని అంబేద్కరే అంగీకరించెను. 2023 మార్చి 2వ తేదీన సుప్రీంకోర్టు, పార్లమెంటు చట్టము చేయువరకు ప్రధానమంత్రి, ప్రతిపక్ష నాయకుడు, ప్రధాన న్యాయమూర్తి కలిసి పేర్లను సిఫారసు చేయవలెనని ఆదేశించెను. ఆ యేడు డిసెంబరులోనే వచ్చిన చట్టము ప్రధాన న్యాయమూర్తిని తప్పించి, ప్రధాని ఎంచుకొను కేంద్రమంత్రిని ఆ చోట కూర్చుండబెట్టినది. ముగ్గురిలో ఇరువురు ప్రభుత్వమువారే యైనప్పుడు ప్రతిపక్ష నాయకుని అసమ్మతి కాగితముమీది వ్రాతగా మిగులును.

ప్రజలెన్నుకొన్న ప్రభుత్వమునకు ఈ పాటి అధికార ముండరాదా యని కొంద రడుగుదురు. ఇతర పదవుల విషయమున ఉండవచ్చును. కాని ఎన్నికలలో అధికార పక్షము తానే పోటీదారు. పోటీదారు న్యాయనిర్ణేతను నియమించుట ఏ ధర్మమునకును సమ్మతము కాదు.

కావున పార్లమెంటు 2023 నాటి చట్టమును సవరించి ప్రధాన న్యాయమూర్తికి స్థానము కల్పింపవలెను. తెలుగు రాష్ట్రములు రెండును ముఖ్యమంత్రి, ప్రతిపక్ష నాయకుడు, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి గల ఎంపిక సంఘమును చట్టబద్ధము చేయవలెను. నేడు అధికారమున నున్నవారు రేపు ప్రతిపక్షమున కూర్చుండవలసివచ్చును. ఈ సంస్కరణమును ఇప్పుడే చేయుట వారికిని శ్రేయస్కరము, ప్రజలకును రక్ష.