ఎముకకు రక్షణ కంప్రెసర్ దగ్గరే మొదలు

జంషెడ్‌పూర్‌లో టాటానగర్ రైల్వే స్టేషన్ పక్కనున్న బాగ్‌బేరాలో కూర్చుని శిలాజాల గురించి రాయడమేమిటని మీకు అనిపించవచ్చు. ఉక్కు కర్మాగారంలోనో రైల్వేలోనో పని కోసం తరాల క్రితం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ నగరంలో ఉన్నాయి. ఫిట్టర్, కంప్రెసర్, చిప్పింగ్ హ్యామర్ అన్నవి ఇక్కడ రోజూ వినిపించే మాటలు. శిలాజాల ల్యాబులకు కావలసింది ఆ పనితనమేనని నా అభిప్రాయం.

హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అస్థిపంజరాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. యామన్‌పల్లి దగ్గర దొరికిన ఆ డైనోసార్‌కు 1988లో జియలాజికల్ సర్వే శాస్త్రవేత్త యాదగిరి పేరు పెట్టారు. గోదావరి లోయలోనే దొరికిన బరపాసారస్ కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. మ్యూజియంలో మనకు కనిపించేది శుభ్రమైన ఎముక. తవ్వి తెచ్చినప్పుడు దానికి రాయి అంటుకుని ఉంటుంది. ఆ రాయిని రవ్వరవ్వగా తీయడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది.

ఈ పనికి ప్రపంచమంతటా వాడే పనిముట్లలో ముఖ్యమైనది ఎయిర్ స్క్రైబ్. చూడటానికి లావుపాటి పెన్నులా ఉంటుంది. గొట్టం ద్వారా వచ్చే ఒత్తిడి గాలి లోపలి చిన్న పిస్టన్‌ను ముందుకూ వెనక్కూ కొడుతుంది. దాంతో టంగ్‌స్టన్ కార్బైడ్ సూది నిమిషానికి వేల సార్లు రాయిని పొడుస్తుంది. కొన్ని మోడళ్లలో ఇది 30 వేలు దాటుతుంది. ఇలాంటి పెన్నులు మొదట లోహంపై అక్షరాలు చెక్కడానికి వచ్చినవే. ఫౌండ్రీలో పోతకు అంటిన ఇసుకను గాలి సుత్తితో రాల్చే పనికీ, ఎముకకు అంటిన రాయిని తీసే పనికీ దగ్గరి పోలిక ఉంది.

పోత మీద గీత పడితే మళ్లీ పోసుకోవచ్చు, జురాసిక్ కాలపు ఎముకను మళ్లీ చేయలేం. అందుకే పనిముట్టు సంరక్షణ చిన్న విషయం కాదు.

ముందుగా గాలి సంగతి చూద్దాం. కంప్రెసర్‌లో వేడెక్కిన గాలి చల్లారితే అందులోని తేమ నీరవుతుంది. వానాకాలంలో ఇది మరీ ఎక్కువ. ట్యాంకు అడుగు వాల్వు రోజూ తెరిచి నీరు వదలకపోతే, గొట్టంలో ఫిల్టర్ లేకపోతే, పెన్ను లోపల తుప్పు పడుతుంది. తర్వాతది నూనె. చాలా మోడళ్లకు గాలి పనిముట్ల పలుచని నూనె కొన్ని చుక్కలు కావాలి, కొన్నింటికి అసలు పోయకూడదు. తయారీదారు పుస్తకం చూసే పోయాలి. ఎక్కువైతే ఆ నూనె తుంపరగా ఎముక మీద పడి మరక చేస్తుంది, తర్వాత పూసే జిగురును సరిగా పట్టనివ్వదు. ఇక సూది. మొద్దుబారితే చేయి తెలియకుండానే గట్టిగా నొక్కుతుంది. సూదిని పట్టి ఉంచే బుష్ అరిగితే మొన వణికి, రాయి వదిలి ఎముక మీదికి జారుతుంది. కార్బైడ్‌ను మామూలు సానరాయి సరిగా అరగదీయలేదు, వజ్రపు చక్రం కావాలి. ఆ ధూళి పీల్చకూడదు. రాతి ధూళి కూడా ప్రమాదమే. అందులోని సిలికా ఏళ్లు గడిచాక సిలికోసిస్ తెస్తుంది. కాబట్టి ధూళిని లాగే యంత్రం, మాస్కు కూడా సంరక్షణలో భాగమే.

పాడైతే కొత్తది కొనుక్కోవచ్చు కదా అని అడగవచ్చు. చిక్కేమిటంటే ఈ పనిముట్టు సాధారణంగా ఒక్కరోజులో ఆగిపోదు. దెబ్బ బలం తగ్గుతుంది, శబ్దం మారుతుంది, వేళ్లకు వణుకు పెరుగుతుంది. అది పూర్తిగా ఆగేలోపు ఎముక మీద ఎన్నో గీతలు పడిపోతాయి. ఆ గీతలను రేపటి పరిశోధకుడు జంతువు పళ్ల గాట్లని పొరబడితే తప్పు ఎవరిది?

అనుభవమున్న ఫిట్టర్ శబ్దం వినే లోపం పసిగడతాడు. శిలాజాలపై పనిచేసే ప్రతి సంస్థా కొనుగోలుతో పాటు సంరక్షణకూ ఏటా డబ్బు కేటాయించాలి. ప్రతి పనిముట్టుకూ ఒక రికార్డు పుస్తకం పెట్టాలి. ఐటీఐ చదివిన ఫిట్టర్‌కు ల్యాబులో స్థిరమైన ఉద్యోగం, చేసిన పనికి పరిశోధనా పత్రంలో పేరు ఇవ్వాలి. తవ్వకానికి వెళ్లే ముందే ఈ ఏర్పాటు జరగాలి. కోట్ల ఏళ్లు భూమి భద్రంగా దాచిన ఎముకను మన ల్యాబులో మొద్దుబారిన సూదికి వదిలేయకూడదు.