కప్పు కాదు, హాజరు కావాలి

మగాళ్ళ మనసు బాగుండాలంటే ఆటలాడించండి అని ఈ మధ్య అందరూ చెప్తున్నారు. మంచిదే. కానీ ఆట అనగానే మన కంపెనీలకి తట్టేది ఏడాదికోసారి క్రికెట్ టోర్నమెంటు, టీషర్టులు, ఓ గ్రూపు ఫోటో. టీములో చోటు బాగా ఆడేవాడికే. తోడు కావలసినవాడు బౌండరీ బయట చప్పట్లు కొడుతుంటాడు.

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో 2022లో దేశంలో ఆత్మహత్యలు 1,70,924. అందులో మగవాళ్ళు 1,22,724. నూటికి 72 మందన్నమాట!

పటాన్‌చెరు వైపే చూడండి. 1960లలో రామచంద్రాపురానికి బీహెచ్‌ఈఎల్ వచ్చినప్పుడు ఫ్యాక్టరీతో పాటు టౌన్‌షిప్పూ, ఆటస్థలాలూ వచ్చాయి. పొద్దున మిషను దగ్గర పక్కనుండేవాడు సాయంత్రం గ్రౌండులోనూ కనబడేవాడు. ఇప్పుడు పాశమైలారం ఫ్యాక్టరీల్లో ఎంతోమంది బీహార్, ఒడిశాల నుంచి వచ్చిన కాంట్రాక్టు కార్మికులు. అద్దె గది, మారే షిఫ్టులు. ఒకడు లేచేసరికి ఇంకొకడు పడుకుంటాడు. 2025 జూన్ 30న సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో 40 మందికి పైగా పోయారు. మిగిలినవాళ్ళు ఆ భయం ఎవరితో చెప్పుకోవాలి? భద్రత గాలికొదిలేసి బంతి చేతికిస్తే అది మోసమే. భద్రతా కావాలి, మనిషికి మనిషీ కావాలి.

బీరంగూడ, అమీన్‌పూర్ ఫ్లాట్లలో ఉండి గచ్చిబౌలికి పరిగెత్తే మనమేమైనా మెరుగా? పక్క ఫ్లాటాయన పేరు తెలీదు.

నా ఉద్దేశంలో ఆటలో అసలు మందు హాజరు. రెండు వారాలు రాకపోతే "ఏమైందిరా?" అని ఒకడు ఫోన్ చేస్తాడు. మగాణ్ణి కూర్చోబెట్టి "మనసెలా ఉంది?" అంటే "బానే ఉంది" అంటాడు. అదే ఆటయ్యాక టీ బండి దగ్గర, అడక్కుండానే చెప్తాడు.

అలాగని టీములో ఉంటే చాలనీ కాదు. 2014 ఇంగ్లండ్ పర్యటనలో చుట్టూ మనుషులున్నా ఒంటరినైపోయానని కోహ్లీయే 2021లో చెప్పాడు. కాబట్టి ఆటతో పాటు మాటకీ చోటుండాలి. నిద్ర పట్టకపోయినా, చావు ఆలోచనలొస్తున్నా ఆట మీద భారం వెయ్యకండి. టెలి మానస్ 14416 ఉంది, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

కంపెనీలు చెయ్యాల్సింది పెద్దదేం కాదు. షిఫ్టు దిగే వేళకి గేటు దగ్గర ఓ వాలీబాల్ నెట్టు. ఎవడొస్తే వాడు ఆడొచ్చు, సెలక్షన్ లేదు.

ఇక మనం చెయ్యాల్సింది: మీ ఆదివారం బ్యాచ్‌లో ఈ మధ్య రావడం మానేసినవాడెవడు? ఈ రోజే ఓ ఫోన్ కొట్టండి.