తిరుగు టిక్కెట్టు లేనివారు

సంపాదకులకు,

2024 ఏప్రిల్‌లో విశాఖ నుండి బ్యాంకాకునకు నేరుగా విమానము మొదలైన పిదప, ఆ దేశమునకు పొరుగుననున్న కంబోడియాకు పోయి, ఆంగ్‌కోర్ వాట్‌లో సూర్యవర్మ కట్టించిన విష్ణ్వాలయమును చూచివచ్చుట మధ్యతరగతి కుటుంబములకు సైతము అందుబాటులోనికి వచ్చినది. సంతోషమే. కాని పోయివచ్చినవారు "ఎంత ప్రశాంతమైన దేశమండీ, ఎక్కడా ధర్నా లేదు, బంద్ లేదు" అని మురియుచుండగా, ఉక్కు కర్మాగారపు ప్రైవేటీకరణను నిరసించుచు 2021లో కూర్మన్నపాలెము కూడలిలో శిబిరము వేసి ఏండ్ల తరబడి దీక్షలు సాగించిన కార్మికుల ఊరివారేనా ఈ మాట అనుచున్నది అని నాకు విస్మయము కలుగుచున్నది. ప్రధాన ప్రతిపక్షము 2017లో సుప్రీంకోర్టు తీర్పుతో రద్దయి, మరుసటి యేడు శాసనసభలోని 125 స్థానములను పాలకపక్షమే కైవసము చేసికొన్న దేశమున, 1985లో ప్రధానియైన హున్ సేన్ 2023లో ఆ పీఠమును కుమారునకే అప్పగించిన దేశమున, వీధులలో కేకలు వినబడకపోవుటలో వింత యేమున్నది?

యాత్రికునకు అచ్చటి రాజకీయములతో పనిలేదనువారికి మన నగరపు ఉదంతమునే జ్ఞప్తిచేసెదను. డేటా ఎంట్రీ కొలువులని ఆశచూపి ఏజెంట్లు టూరిస్టు వీసాలపై కంబోడియాకు పంపిన ఈ ప్రాంతపు యువకులు, పాస్‌పోర్టులు లాగికొనబడి, కాంపౌండు గోడల నడుమ కంప్యూటరు ముందు కూర్చుండి, తోటి భారతీయులనే ఫోనులో దోచు పనికి నియోగింపబడిరని 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిరి. ఆ నెలలోనే అచ్చటి సిహనూక్‌విల్‌లో వందలకొలది భారతీయులు తిరుగబడిరి. అట్టి కాంపౌండుల గుట్టు రట్టు చేయుచు వచ్చిన మెచ్ దారా అను విలేఖరి ఆ సెప్టెంబరులో నిర్బంధింపబడెను. ఆంగ్‌కోర్ శిల్పములను మనకు చూపించిన వీసాయే ఈ పిల్లలను ఆ గోడల లోపలికి చేర్చినది.

అట్లని పోనేవలదని నా వాదము కాదు. మయన్మార్ సైనిక ప్రభుత్వము 1996ను సందర్శన సంవత్సరముగా ప్రకటించి, అందుకై మాండలే కోట కందకమును వెట్టిచాకిరితో బాగుచేయించినపుడు, విదేశీయులు రావలదని అచ్చటి ప్రజాస్వామ్య నాయకురాలు ఆంగ్ సాన్ సూకీ కోరినది. ఆ కోరిక న్యాయమైనదే. 1960 దశకమున ఆ దేశమున, నాటి బర్మాలో, సైనికపాలకుడు నే విన్ చేసిన జాతీయీకరణతో అంగళ్లు కోల్పోయి తిరిగివచ్చి, కంచరపాలెము చెంత బర్మా క్యాంపులో స్థిరపడిన కుటుంబములకు అట్టి ప్రభుత్వముల స్వభావము వేరుగా చెప్పనక్కరలేదు. అయినను యాత్రికులు రాకున్నచో, సైన్యాధిపతికన్న ముందు పస్తుండువాడు అచ్చటి పగాన్ గుళ్ల నడుమ గుఱ్ఱపుబండి తోలువాడే.

కనుక పోవుదురు గాక. పాలకుల ఆశ్రితులు కట్టిన పెద్ద హోటళ్లను విడిచి, కుటుంబములు నడపు చిన్న బసలలో దిగుదురు గాక. గైడును మాత్రము "మీ ప్రభుత్వము ఎట్లున్నది?" అని అడుగకుందురు గాక. అతడు జవాబు చెప్పినను చిక్కే, చెప్పకున్నను చిన్నబోవుటే. మనకు తిరుగు టిక్కెట్టు కలదు, అతనికి లేదు. అట్టి సంభాషణను వీడియో తీసి, ముఖముతో సహా ఫేస్‌బుక్కులో పెట్టిన పెద్దమనిషి నొకనిని నేనెరుగుదును. ఆయన మధురవాడలో సుఖముగానే యున్నాడు. ఆ గైడు ఏమైనాడో కనుగొనవలెనని ఆయనకు తోచనే లేదు.

మీ ఆదివారపు యాత్రావ్యాసములలో ఇట్టి దేశములవారి మాటలు వేయునపుడు వారి పేరును ఫోటోను తొలగింపుడనియు, టూరిస్టు వీసాపై ఉద్యోగమిప్పింతుమను ప్రకటనలను డబ్బుకైనను స్వీకరింపవలదనియు నా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గాజువాక, విశాఖపట్టణము