బహుమానం ఎవరిది?

మొన్న ఆదివారం మా మేనల్లుడు తార్నాక నుంచి కాచిగూడలో మా ఇంటికి వచ్చాడు. వాడు ఒక ప్రయోగశాలలో పరిశోధకుడు లెండి. మా ఆవిడ వేడివేడిగా పెసరట్లు వేసి పెట్టినా ముఖం విప్పలేదు. సంగతేమిటంటే, నలుగురూ కలిసి నాలుగేళ్ళు చేసిన పనికి విదేశాల నుంచి పెద్ద బహుమానం వచ్చిందట. పేరు మాత్రం పెద్దాయన ఒక్కడిదే పడిందట.

"ఉద్యోగం మానేస్తాను మామయ్యా" అన్నాడు.

ఇలాంటప్పుడు నీతులు చెబితే కుర్రవాళ్ళకు ఒళ్ళు మండుతుంది. అందుకని ముగ్గురం కాచిగూడ స్టేషన్లో లోకల్ బండి ఎక్కాం. ఆర్ట్స్ కాలేజీ స్టేషను దాటి, సికిందరాబాదు మీదుగా బేగంపేటలో దిగాం. అక్కడ పాత విమానాశ్రయం దగ్గర ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన పాత భవనం ఒకటి ఉంది. సర్ రోనాల్డ్ రాస్ పేరు మీద ఉన్నది.

1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రాస్ దొర దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. 1902లో నోబెల్ బహుమానం అందుకున్నాడు. బాగానే ఉంది. కాని ఆ దోమలకు నెత్తురు ఇచ్చిందెవరు? హుసేన్ ఖాన్ అనే రోగి. దోమకు అణా చొప్పున ఎనిమిది దోమలకు ఎనిమిది అణాలు ముట్టాయి. మరుసటి ఏడు రాస్ కలకత్తాలో పక్షుల మలేరియా దోమకాటువల్లనే వ్యాపిస్తుందని తేల్చాడు. మనుషుల విషయంలో దాన్ని రుజువు చేసింది ఇటలీలో గ్రాసీ బృందం. నోబెల్ మాత్రం ఒక్క రాస్‌కే దక్కింది. కీర్తి నీదా నాదా అని ఇద్దరూ ఏళ్ళతరబడి కీచులాడుకున్నారు.

"చూశావా, అప్పుడూ ఇంతే!" అన్నాడు మేనల్లుడు.

"ఆగరా, మనవాడి సంగతీ విను" అన్నాను. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. అమెరికా వెళ్ళి లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వం వహించారు. ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలు మందు, పసిపిల్లల రక్తపు కేన్సరును తాత్కాలికంగానైనా అణచిన మొదటి మందు ఆయన బృందం చేతిమీదుగా వచ్చినవే. 1948లో కన్నుమూశారు. నోబెల్ రాలేదు. గతించినవారికి ఆ బహుమానం ఇవ్వరు. బతికున్నవారికైనా ఒక్కో బహుమానాన్ని ముగ్గురికి మించి పంచరు. నాలుగోవాడు చప్పట్లు కొట్టవలసిందే.

మా ఆవిడ అందుకుంది. "మన కోడలు కడుపుతో ఉన్నప్పుడు రోజూ మింగిన ఫోలిక్ మాత్ర ఆయన చలవేనా? బహుమానం రాలేదని మాత్ర పనిచెయ్యడం మానలేదుగా!"

అలాగని బహుమానాలు వట్టివని నేననను. నోబెల్ రాకపోతే ఆ పాత భవనాన్ని ఎవరు పట్టించుకునేవారు? హుసేన్ ఖాన్ అణాల కథ మనదాకా వచ్చేదా? బహుమానం దీపంలాంటిది. వెలుతురు నిజమే, దీపం కింద చీకటీ నిజమే. ఆ చీకట్లో ఎవరూ లేరనుకుంటేనే చిక్కు.

తిరుగు ప్రయాణంలో మా ఆవిడ ఉన్నట్టుండి అడిగింది. "ఒరే, మీ దగ్గర గాజుసామాను కడిగి, రాత్రిళ్ళు యంత్రాలకు కాపలా ఉండే మనిషి ఒకడున్నాడన్నావే, అతని పేరేమిట్రా?"

వాడు తడబడ్డాడు. "అందరం భాయ్ అనే పిలుస్తాం అత్తయ్యా."

ఆమె మరేమీ అనలేదు. వాడూ కాచిగూడ చేరేదాకా మాట్లాడలేదు.

గురువారం రాత్రి ఫోను చేశాడు. రాజీనామా ఇవ్వలేదట. నివేదికలో పనిచేసినవారందరి పేర్లూ వెయ్యాలని పెద్దాయనకు ఉత్తరం రాశాడట. "నాలుగు పేర్లేనా?" అన్నాను.

"అయిదు మామయ్యా. భాయ్ అసలు పేరు కనుక్కున్నాను."

జవాబు ఇంకా రాలేదు. ఏమొస్తుందో చూడాలి.