చీర కడితే రెండేండ్ల జైలు!

నిజాం కాలపు చట్టమొకటి 2023 దాకా మన తెలంగాణల బతికే ఉన్నదంటే నమ్ముతరా? తెలంగాణ యూనక్స్ యాక్ట్, 1329 ఫస్లీ. ఫస్లీ అంటే తాతల నాటి భూమి కాయితాల మీద ఉంటది గదా, గదే. ఇంగ్లిష్ లెక్కల 1919.

ఏం రాసిన్రు అండ్ల? పిల్లలను ఎత్తుకపోతరని అనుమానమున్న హిజ్రాల పేర్లు, వాళ్లుండే జాగలు రిజిస్టర్ల ఎక్కియ్యాలె. అనుమానం చాలు, రుజువుతోని పనిలేదు. పేరెక్కినోళ్లు ఆడోళ్ల బట్టలేసుకొని బజార్ల కనవడ్డా, ఆడినా, పాడినా వారెంటు లేకుండ పట్టుకపోవచ్చు. రెండేండ్ల దాకా జైలు, లేదంటే జుర్మానా, లేదంటే రెండూ. అంటే దొంగతనం చేసినందుకు కాదు, చీర కట్టినందుకు శిక్ష!

ప్రాథమిక హక్కులకు అడ్డమొచ్చే పాత చట్టాలు చెల్లవని రాజ్యాంగంల 13వ ఆర్టికల్ 1950 నుంచే చెప్తున్నది. కని ఎవలో ఒకలు కోర్టుకు పోయి అడిగేదాక అసొంటి చట్టం పుస్తకంల అట్లనే ఉంటది. హైదరాబాద్ రాష్ట్రం పోయె, ఆంధ్రప్రదేశ్ వచ్చె, తెలంగాణ వచ్చె. చట్టం మాత్రం కదల్లే. 2018ల పిల్ ఏస్తే, 2023 జులైల మన హైకోర్టు 14, 21 ఆర్టికళ్లకు విరుద్ధమని కొట్టేసింది. ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛన్ కూడ ఇయ్యాలన్నది.

కొట్టేస్తే కథ ఒడిసినట్టేనా? నాకైతే నమ్మకం లేదు. ఆన్‌లైన్ పోస్టుకు మూడేండ్ల దాకా జైలేసే 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. అయినా కేసులు పెడుతనే ఉన్నరని తెలిసి, 2022ల మళ్లొక్కసారి ఆర్డరియ్యాల్సి వచ్చింది. ఫోన్ల రాసే తమ్ముళ్లు, చెల్లెండ్లు, ఎవలన్న కేసంటే ముందు ఎఫ్‌ఐఆర్‌ల సెక్షన్ నంబర్ చూడుండ్రి.

ఇంకో ముచ్చట. ట్రాన్స్‌జెండర్ల రక్షణ కోసమని పార్లమెంటు 2019ల చట్టం చేసింది. వాళ్ల మీద లైంగిక దాడి చేసినోనికి అండ్ల రాసిన శిక్ష ఆర్నెల్ల నుంచి రెండేండ్లు. ఆడిపిల్ల మీద అత్యాచారం చేస్తే తక్కువల తక్కువ పదేండ్లు. అప్పట్ల చీర కట్టినోళ్లకు ఎంత రాసిన్రో, 2019ల వాళ్లను చెరిచినోనికీ గంతే రాసిన్రు. ఆ చట్టం మీద గూడ సుప్రీంకోర్టుల పిటిషన్లు పడ్డయ్.