బారెడు దారం వద్దు, మూరెడు చాలు

మాటిమాటికీ సూదిలో దారం ఎక్కించడానికి బద్ధకించి, ఒకేసారి బారెడు దారం తెంపుకునే అలవాటు మీలో ఎంతమందికి ఉంది? నేనూ ఆ కోవలోదాన్నే.

కోరుట్లలో మా అత్తమ్మ చాలా ఏళ్ల కిందట మ్యాటీ క్లాత్ మీద క్రాస్ స్టిచ్‌తో చిలకల జంట మొదలుపెట్టింది. ఒకటి పూర్తయింది. రెండోది రెక్కల దాకా వచ్చేసరికి ఆమె చూపు మందగించింది. "నువ్వు పూర్తిచెయ్యి, మనవరాలి పెండ్లికి ఇద్దాం" అని నా చేతిలో పెట్టింది. జగిత్యాలలో మా పుట్టింటికి వెళ్లినప్పుడు ఫ్యాన్సీ స్టోరులో దారాలు కొని ధైర్యంగా కూర్చున్నాను. ఇంటూ గుర్తులు వేయడమే కదా అనుకున్నాను!

లచ్చిలో దారం ఆరు పోగులుగా ఉంటుంది. విడదీయాలని తెలియక ఆరూ కలిపి కుట్టాను. గుడ్డ ముడతలు పడింది. సన్న గళ్ల గుడ్డకు రెండు పోగులు, పెద్ద గళ్లకు మూడు చాలు. అవీ ఒక్కొక్కటిగా పైకి లాగాలి, కలిపి లాగితే చిక్కే. వెనకవైపు ప్రతిసారీ ముడి వేశాను. అత్తమ్మ కళ్లతో చూడలేకపోయినా వేళ్లతో తడిమి, "ఇదేంది బిడ్డా, రాళ్లు ఏరని బియ్యం తీరుగున్నది" అంది. సిగ్గేసింది. ముడికి బదులు అంగుళం కొస వెనక వదిలి, దాని మీదుగానే తర్వాతి కుట్లు వేస్తే అదే బిగుస్తుంది.

అన్నీ సరిదిద్దుకున్నా, కుట్టేకొద్దీ దారం నూగు లేచి, మెరుపు పోయి, చివరికి పుటుక్కున తెగేది. దారం నాసిరకమని కొట్టువాణ్ణి తిట్టుకున్నాను.

ఆ గుడ్డ పట్టుకునే సిరిసిల్లలో మా పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. మరమగ్గాల ఊరు కదా, దారం సంగతి వాళ్లకు తెలియనిది ఉండదు. నా సూదిలో వేలాడుతున్న బారెడు దారం చూసి ఆమె నవ్వింది.

"తెగలేదు బిడ్డా, అరిగింది. మగ్గం మీద పడుగు అచ్చుల రాసుకుంటదనే మేం గంజి పెడతం. నీ దారానికి గంజేది?"

లెక్క వేసుకుంటే నిజమే. ఒక్క ఇంటూకు సూది నాలుగుసార్లు గుడ్డలోంచి దూరుతుంది. ముప్పయ్యో కుట్టుకు వాడే దారం అప్పటికే నూరుకు పైగా రంధ్రాల్లో రాచుకుని వచ్చిందన్నమాట! అందుకే మోచేతి నుంచి వేలికొస దాకా, అంటే మూరెడు తెంపుకుంటే చాలు. మెలిపడితే సూదిని కిందికి వేలాడవిడవండి, దానంతటదే తిరిగి విడిపోతుంది.

ఇంకో పొరపాటు ఆలస్యంగా కనబడింది. అత్తమ్మ కుట్లన్నిటికీ పై గీత కుడివైపు వాలి ఉంటే, నావి ఒకటి అటు, ఒకటి ఇటు. వెలుగులో పెడితే ఒకే రంగు రెండు రంగుల్లా కనిపించింది. రెక్క మొత్తం విప్పాను.

తోకకు మాత్రం ఆ పాత చిలకపచ్చ దొరకలేదు. లచ్చి చుట్టూ ఉండే రంగు నంబరు కాగితం అత్తమ్మ ఎప్పుడో పారేసిందట. (మీరు పారేయకండి.) చివరికి కొంచెం ముదురు పోగొకటి, కొంచెం లేత పోగొకటి కలిపి సూదికి ఎక్కించాను. దూరం నుంచి చూస్తే కలిసిపోయింది. అత్తమ్మ వెనకవైపు తడిమి చూసి, "ఇగ ముక్కు ఎర్రది కుట్టేముందు ఆ దారం తడిపి తెల్లగుడ్డకు ఒత్తి చూడు, రంగు దిగుతదేమో" అంది.